దొండాకు రంగు చీర

మా అక్క చేతులు చూస్తే ఆ వారం ఏ రంగు వేసిందో తెలిసిపోయేది. గోళ్ల చుట్టూ ఎరుపు ఉంటే ఎవరిదో పెళ్లి చీర. మణికట్టు దాకా నీలం ఉంటే దుకాణాల మామూలు సరుకు. ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా వింతగా చూస్తే, "నాకు గోరింటాకు ఖర్చు లేదమ్మా" అని తనే ముందు నవ్వేది.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. మగ్గాలు ఊళ్లోనే ఉండిపోయాయి. మేమిద్దరం అక్కచెల్లెళ్లం మాత్రం పెళ్లిళ్లయ్యాక మన్సూరాబాద్‌కు వచ్చి, రెండు గల్లీల తేడాతో స్థిరపడ్డాం. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న చీరల దుకాణం. అక్క ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, నూలుకు రంగులు వేసి ఊరి మగ్గాలకు పంపేది. రంగునీళ్లు మోరీలోకి పోతున్నాయని పక్కింటివాళ్లు గొడవ పడితే, "మీ ఇంటి ముందట రోజు హోలీ చేస్తున్న, పైసలు అడుగుతున్ననా?" అనేది.

నా పని లెక్క. ఇక్కత్ చీరలో బొమ్మ మగ్గం మీద పుట్టదు, నూలు మీదే పుడుతుంది. ఏ పోగుల్ని ఎక్కడ బిగించి కట్టాలి, ఏ రంగులో ముంచాక ఎక్కడ విప్పాలి, గ్రాఫు కాగితం మీద గడులు గుర్తుపెట్టి ఇచ్చేదాన్ని. కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పిన చోట ఎక్కుతుంది. నేను చదివింది పదో తరగతే. ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. ఒక్క గడి తప్పితే చిలుక ముక్కు తోకలోకి పోతుందన్న భయమే నాకు గురువు.

అక్కకు యాభై దాటాక చేతులు పగలడం మొదలైంది. మొదట చలికాలం పగుళ్లు అనుకున్నాం. తర్వాత చర్మం పొరలుగా లేచింది. వేళ్ల సందుల్లో రసి కారేది. దవాఖానలో చర్మం డాక్టరు ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసి, రంగుల్లో కలిపే కాస్టిక్ సోడా, మిగతా మందులు ఇక పడవని, పని మానేయకపోతే ఎన్ని పూతలు రాసినా లాభం లేదని చెప్పాడు. రబ్బరు తొడుగులు తెచ్చాం. లోపలికి నీళ్లు దిగి ఇంకా ఎక్కువైంది. అదీగాక, వేళ్లకు నూలు తగలకపోతే రంగు ఎక్కిందో లేదో ఆమెకు తెలియదు.

"తొడుగులేసుకొని నూలు ముడితే, దుప్పటి మీదికెంచి బిడ్డను ముద్దాడినట్టుంటదే" అంది.

ఆ రోజుల్లోనే మా దుకాణానికి ఒక ఆవిడ వచ్చింది. కోస్తా వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా బొటిక్ పెట్టింది. చెట్ల రంగులతో వేసిన ఇక్కత్ పట్టు కావాలంది. నేను అక్క పేరు చెప్పాను. చెట్ల రంగులైతే ఆ ఘాటు మందులు ఉండవు, చేతులు బతుకుతాయి, పని నిలుస్తుంది. ఆ రోజు దుకాణం నుంచి అక్క ఇంటికి నేను నడిచినట్టు గుర్తులేదు, పరుగెత్తినట్టే గుర్తు.

బంతిపూలతో పసుపు వచ్చింది. ఉల్లిపొట్టుతో రాగి రంగు వచ్చింది. మంజిష్ఠ వేరుతో ఎరుపు వచ్చింది. పటిక నీళ్లలో నానబెట్టిన పట్టు ఈ రంగుల్ని బాగానే పట్టుకుంది. అక్క చేతుల మీద పగుళ్లు మెల్లగా మూసుకున్నాయి. బొటిక్ ఆవిడ ఒక్కో లడి, అంటే ఒక్కో పోగుల కట్ట, వేళ్లతో సవరిస్తూ, "ఎంత బాగున్నాయండీ!" అని మురిసింది. తర్వాత అడిగింది.

"ఆకుపచ్చ ఉందాండీ? ఆకుతోనే వేసిన ఆకుపచ్చ. ఒక్క చీర చేసివ్వండి. షాపు ముందరి అద్దాల్లో పెడతాను. ఆ పచ్చ నిలబడితే ఇక నా షాపుకి రంగంతా మీ అక్కగారిదే. ఇంకెవరి దగ్గరికీ వెళ్లను."

ఆమె వెళ్లాక అక్క నా మొహంలోకి చూసింది. మేం పుట్టేసరికే ఆకుపచ్చ అంటే డబ్బాలో వచ్చే పొడే. తాతల కాలంలో ఎలా వేసేవారో చెప్పడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. కానీ ఇద్దరికీ ఒకే జ్ఞాపకం వచ్చింది. చిన్నప్పుడు బళ్లో పలక తుడవడానికి దొండాకు నలిపి రుద్దేవాళ్లం. ఆ పసరు గౌనుకు అంటితే పోయేది కాదు. అమ్మ ఎంత ఉతికినా మరక అలాగే ఉండేది, మాకు వీపు మీద రెండు పడేవి.

"అమ్మ సబ్బుకే పోలేదు, గిప్పుడు పోతదా?" అంది అక్క.

అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర దొండ పందిళ్లు వేసిన రైతు ఉన్నాడు. కాయలు కోశాక తీసేసే తీగల ఆకు మాకిచ్చేవాడు. సంచులు సంచులుగా మా గేటు దగ్గర దించుకుని, అక్క షెడ్డుకు మోసి దంచాం. ఒట్టి నీళ్లలో మరిగిస్తే బురద రంగు వచ్చింది. అప్పుడు అక్కకు వంటింటి సంగతి తట్టింది. పాలకూర ఉడికేటప్పుడు చిటికెడు సోడా వేస్తే పచ్చదనం చెడదు కదా! పట్టు చెడకుండా కాస్త సోడా వేసి చూశాం. నీళ్లు నిజంగానే పచ్చబడ్డాయి. అక్క కర్రతో కలుపుతూ, "చూసినవా, చదువుకున్నోళ్లకు చెప్పకు, ఫ్యాక్టరీ పెడతరు" అంది.

నేను నా పని చేశాను. నూలుకు ఎన్ని రెట్లు ఆకు, ఎంత సోడా, ఎంతసేపు వేడి, ఒక్కొక్కటి మార్చి చిన్న చిన్న లడులు ముంచాం. ముంచినవాటిని అక్క ఎప్పటిలాగే షెడ్డులో నీడన ఆరేసింది. రంగు వేసిన నూలు ఎండలో ఆరేయకూడదన్నది మాకు ఉగ్గుపాలతో వచ్చిన నియమం. ఎండలో ఒకవైపు త్వరగా ఆరి రంగు మచ్చలుగా దిగుతుంది. ఆరాక నమూనాలన్నీ పాత ధోవతిలో చుట్టి ఇనుప బీరువాలో పెట్టింది. మంచి పట్టు ఇంకెక్కడ పెడతారు? కొన్ని వారాల తర్వాత తీసి చూశాం. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఏది ఎక్కువ పచ్చగా ఉందో పోల్చి, ఆ పాళ్లనే చీరకు ఖాయం చేశాను. ఎన్నో మార్చి మార్చి చూసిన నేను మార్చనిది ఒక్కటే. ఏ నమూనాకూ వెలుగు తగలనివ్వలేదు. అది మార్చి చూడాలని తట్టకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, మా పనిలోని జాగ్రత్తే. అందుకే అది ఇప్పటికీ నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

చీర మగ్గం దిగి వచ్చిన రోజు అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. లేత దొండ తీగ రంగు. మధ్యలో పసుపు చిలుకలు. బొటిక్ ఆవిడ కళ్లకద్దుకున్నంత పని చేసింది. అద్దాల వెనక బొమ్మకు కట్టి, పైన లైట్లు పెట్టింది. మేమిద్దరం రోడ్డుకు అవతల నిలబడి చూశాం. మెట్రో దిగి వచ్చే జనంలో ఒకమ్మాయి ఆగి ఫోటో తీసుకుంది. అక్క నా మోచేతిని గిల్లింది.

నెల గడవకముందే ఆవిడ ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడలేదు. అలా మాట్లాడినా బాగుండేది.

"ఒకసారి వచ్చి చూస్తారాండీ? నాకేం అర్థం కావట్లేదు."

వెళ్లాం. చీర బల్ల మీద పరిచి ఉంది. కుచ్చిళ్ల పైమడతలు, పొద్దుటి ఎండా పైలైట్లూ తగిలిన చోటల్లా, ఎండిన గడ్డి రంగుకు తిరిగాయి. మడతల లోపల దాగిన చోట ఇంకా లేత పచ్చ. పొడుగునా చారలు. వెలుగు తనకు తాను కట్టుకుని, విప్పుకుని, ఇంకో ఇక్కత్ వేసినట్టుంది. చిలుకల పసుపు మాత్రం పెద్దగా మారలేదు.

అక్క వంగి, రంగు మారిన చోట వేలితో రాసింది.

"నేనేమన్న తక్కువ చేసిన్నానే?" అని నన్ను అడిగింది. ఆవిణ్ని కాదు, నన్ను.

మనసులో లెక్కంతా మళ్లీ వేసుకున్నాను. పాళ్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బొటిక్ ఆవిడ చీర వెనక్కి ఇవ్వలేదు, తనే ఉంచుకుంది. "మీరు కష్టపడ్డారండీ, కాదనను. కానీ నా పేరు మీద అమ్మాలి కదా" అంది. ఆ తర్వాత ఫోన్ రాలేదు. మేమూ చేయలేదు.

అక్క మొదట మంజిష్ఠ, బంతి సంచులు ఎవరికో ఇచ్చేసింది. తర్వాత పొయ్యి ఆర్పేసింది. పసుపూ ఎరుపూ నిలిచాయి కదా, వాటితో వేద్దామని నేనన్నాను.

"ఒక రంగు మోసం చేసినంక తక్కిన రంగులను ఎట్ల నమ్మాలె? ఇంకొకామె చీర గిట్లనే అయితే నేను ఏడికి పోయి మొకం దాసుకోవాలె?" అంది. మళ్లీ మందుల రంగులు వేద్దామంటే చేతులు ఒప్పుకోవు. షెడ్డులో తొట్లు బోర్లించింది.

మా ఇంటి పైవాటాలో కిరాయికి ఉండే మేడం ఒక కోచింగ్ సెంటర్లో వృక్షశాస్త్రం చెబుతుంది. గుంటూరు వైపు మనిషి. నాకంటే కాస్త చిన్నది, నన్ను వదినగారూ అని పిలుస్తుంది. ఒకరోజు మెట్ల మీద పాలకూర తుంచుతూ కూర్చున్న నన్ను, మొహం అలా ఉందేమని అడిగింది. చెప్పాను. ఆమె తన చేతిలోని సంచి కింద పెట్టి, నా పక్కనే కూర్చుంది.

"అయ్యో, ఆ ఆకు సంచులు అందుకాండీ? గేటు దగ్గర చూసి, మీరేదో తలనూనె కాస్తున్నారనుకున్నాను."

"మీరన్న అడగకపోతిరి. నేనన్న చెప్పకపోతిని" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆకు పచ్చగా ఉందంటే ఆకంతా పచ్చగా ఉన్నట్టు కాదట. ఆకులోని ఒక్కో కణంలో కొన్ని పదుల చిన్న సంచులు ఉంటాయి. వాటిని ప్లాస్టిడ్లు అంటారు. పచ్చ సంచులు హరితరేణువులు. మనకు కనిపించే పచ్చదనమంతా వాటి లోపలి పొరల్లోనే ఉంటుంది.

"ఆ పచ్చదనం నూనెకి లొంగే రకం, నీళ్లకి లొంగదు. మీరు సోడాతో విరగ్గొట్టి నీళ్లలోకి లాగారు."

"లాగినం కద, నూలుకు ఎక్కింది కద?"

"ఎక్కిందండీ. కానీ దాన్ని వెలుగు తింటుంది. చెట్టు మీదున్న ఆకులో కూడా తింటుంది. కాకపోతే అక్కడ పోయినంత మళ్లీ తయారవుతూ ఉంటుంది. ఆ సంచి పనే అది. మీ పట్టు పోగులో ఎవరు తయారుచేస్తారు చెప్పండి?"

నేను పాలకూర వైపు చూశాను. ప్రతి ఆకులో ఖర్చూ రాబడీ సమానంగా నడుస్తూ ఉంటుందని, మనం చూసేది నిల్వ మాత్రమేనని నాకు ఏనాడూ తోచలేదు. మేం ఆ నిల్వను చూసి, అదెప్పటికీ ఉంటుందనుకుని చీర నేశాం.

"మరి పలక మీద దొండాకు మరక? అమ్మ ఎంత ఉతికినా పోకపోయేది" అన్నాను.

"పచ్చగానే ఉండేదా? బాగా గుర్తు తెచ్చుకోండి."

గుర్తు తెచ్చుకున్నాను. గౌను మీది మరకలు గోధుమ రంగులో ఉండేవి. వాటిని పచ్చగా ఉంచింది మా జ్ఞాపకమే.

ఆమె వంటింట్లోకి వచ్చి నా కూరల బుట్ట ముందు కూర్చుంది. సగం పండిన టమాటా తీసి, ఇందులో పచ్చ సంచులే లోపలి సామాను మార్చుకుని ఎర్ర సంచులు అవుతున్నాయని, వాటిని క్రోమోప్లాస్టులు అంటారని చెప్పింది. ఆలుగడ్డలో రంగులేని సంచులు ఉంటాయి, అవి ల్యూకోప్లాస్టులు. పిండి దాచేవి కొన్ని, నూనె దాచేవి కొన్ని, మాంసకృత్తులు దాచేవి కొన్ని. ఆలుగడ్డను వెలుగులో వదిలేస్తే ఆ తెల్ల సంచులే పచ్చబడతాయి. చీకట్లో మొలిచిన మొక్కలో సంచులు పాలిపోయి ఎదురుచూస్తూ ఉంటాయి, వెలుగు తగలగానే పచ్చని పనిలో పడతాయి.

"అయితే మొత్తం ఎన్ని రకాలు? మూడా, ఎక్కువా?" అని అడిగాను. నాకు ఏదైనా అంకెలో ఉంటేనే చేతికి అందినట్టుంటుంది.

ఆమె నవ్వింది. "పరీక్షకి మూడే రాయమంటానండీ. మొక్కకి ఆ లెక్క పట్టదు. మొదట అన్నీ రంగులేని చిన్న సంచులే. ఎక్కడుంటే అక్కడి పనిని బట్టి మారతాయి. ఒక్కోసారి వెనక్కీ మారతాయి."

"మరి బంతిపూల పసుపు ఎట్ల నిలిచింది? అది గూడ సంచుల్నే ఉంటది కద?"

"మంచి ప్రశ్న. బంతి రేకులో రెండు రకాల పసుపులు ఉంటాయి. క్రోమోప్లాస్టుల్లో ఉండేది ఒకటి, అది నీళ్లకి రాదు. కణరసంలో కరిగి ఉండేది ఇంకొకటి. మీ నూలుకి పటికతో పట్టుకున్నది ఎక్కువగా ఈ రెండోది. సంచుల బయటి రంగు అన్నమాట."

అంటే మాకు నిలిచిన రంగు కూడా మేం అనుకున్న రంగు కాదు. తెలిసి చేసింది నిలవలేదు, నిలిచింది తెలిసి చేయలేదు.

"ఆకుపచ్చ కావాలంటే పసుపు మీద నీలిమందు వేయాలండీ. పూర్వం అలాగే వేసేవారంటారు. మొక్క నుంచి తీసిన నీలి నిలుస్తుంది."

రెండేళ్లుగా ఆమె మా తల మీదే కాపురముంది. ఉగాది పచ్చడి ఇచ్చిపుచ్చుకున్నాం. నీళ్ల మోటారు గురించి పోట్లాడుకున్నాం. పది మెట్లు ఎక్కి ఒక్క మాట అడిగి ఉంటే దొండాకు జోలికే వెళ్లేవాళ్లం కాదు. చదువుకున్నవాళ్లకు చెప్పొద్దని అక్క నవ్వులాటకు అన్న మాటను, నేను మాత్రం నిజంగానే పాటించానేమో.

నీలిమందు తెప్పించాను. అక్క దగ్గర చూసి చూసి వచ్చిన అరకొర పనితోనే, బంతి పసుపు వేసిన చిన్న లడిని నీలిలో ముంచాను. ముంచినప్పుడు ఏదోలా ఉండి, గాలికి పెట్టగానే నిదానంగా ఆకుపచ్చ అయింది. ఈసారి డాబా మీద ఎండలో పెట్టాను. సగానికి అట్ట కప్పాను, సగం వదిలేశాను. ఎండలు ముదిరి, తగ్గాక అట్ట తీసి చూశాను. రెండు సగాలకూ తేడా నా కంటికి దొరకలేదు.

ఆ లడిని కవర్లో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. అప్పటికే అక్క ఒక మ్యాచింగ్ సెంటర్లో పనికి చేరింది. చీరకు సరిపోయే బ్లౌజు గుడ్డ, ఫాల్ గుడ్డ తీసిచ్చే పని. చీర చూపించగానే వెనక్కి తిరిగి, అరల నిండా ఉన్న థాన్లలోంచి సరైనది ఒక్కటే లాగుతుంది. అక్కడి మిగతా అమ్మాయిలు మూడు నాలుగు తీసి పోలుస్తారు. అక్కకు పోల్చే అవసరం లేదు. ఓనరు ఆమెను మొదటి కౌంటర్లోనే నిలబెట్టాడు.

చేతులు కౌంటరు బల్ల మీద పెట్టి నిలబడి ఉంది. పగుళ్లు లేవు. గోళ్ల చుట్టూ ఏ రంగూ లేదు. పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి గోళ్ల అసలు రంగు నేను అంతకుముందు చూడలేదు.

లడి చేతికిచ్చాను. బొటనవేలితో పోగులు విడదీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నీలిమందా?"

"అవునక్కా. బంతి మీద నీలి. ఎండల పెట్టి చూసిన. నిలిచింది."

మేడం చెప్పిందంతా చెప్పాను. సంచులు, వెలుగు, ఆకు మళ్లీ తయారుచేసుకోవడం. అక్క మధ్యలో ఎవరికో లైనింగ్ గుడ్డ కొలిచి ఇచ్చి వచ్చి, మళ్లీ వింది.

"అంటే నేను తక్కువ చేయలేదన్నట్టు" అంది.

"లేదక్కా. ఎవలు ముంచినా గంతే అయ్యేది."

ఆమె మొహంలో ఏదో తేలికపడింది. అది చూసి నాకు ఆశ పుట్టింది. "మల్ల షెడ్డు తెరుద్దామా? ఆ బొటిక్ ఆమెకు నేను చెప్త. కాకపోతే ఇంకొకరికి చెప్త" అన్నాను.

"నీలి తొట్టిల సున్నం ఉంటదా?"

"ఉంటది."

"చెయ్యి పెట్టాల్నా?"

పెట్టాలి. లడిని నీలి లోపలే పట్టుకుని తిప్పాలి. సున్నం ఆ చేతులకు కాస్టిక్ సోడా లాంటిదే. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"ఇప్పుడు చేతులకు మందు పెట్టకుంటనే నిద్ర పడుతుందే చెల్లె" అంది. "అన్నంల చారు పోసుకొని తింటున్న, మంట లేకుండ. దీన్ని ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

"మరి నీకు మనసు గుంజుతలేదా?"

"గుంజకేం! ఎవలన్న చీర పట్టుకొస్తే ముందుగాల రంగు ఎట్లేసిన్రో చూస్త, బ్లౌజు సంగతి ఎనక. ఓనరు తిడతడు." నవ్వింది. "గా దొండాకు కంటే ముందుగాల నువ్వు ఇది పట్టుకొచ్చుంటే, పసుపూ ఎరుపూ ఉండె, పని నడుస్తుండె, నీలి ముంచేతందుకు ఒక పిల్లను పెట్టుకొని నేర్పిద్దును. షెడ్డు బంద్ అయినంక ఎవలకు నేర్పాలె? నువ్వు ముంచుతవా?"

"నాకు లెక్క వస్తది గని చెయ్యి రాదు" అన్నాను.

"అదే మరి."

అంతలో ఒకావిడ ఆకుపచ్చ పట్టుచీర కౌంటరు మీద పరిచింది. అక్క లడిని నా చేతిలో పెట్టి, నా వేళ్లు దాని మీదకు మూసి, అటు తిరిగింది.

"ఈ పచ్చకి సరిగ్గా కలవాలండీ. నాలుగు షాపులు తిరిగాను, దొరకలేదు" అంది ఆవిడ.

"ఉందమ్మా, జర ఆగు" అంటూ అక్క పై అర వైపు చెయ్యి చాపింది.